లెక్కకెక్కని గాయములు
(మూలపేట గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగపాఠము)



ఈ శుభసందర్భమున "భారతమునందలి స్త్రీపాత్రలు" అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను కళాశాల గడప త్రొక్కినవాడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాయుట, రాత్రి ఈ గ్రంథాలయము అరువిచ్చిన పుస్తకములు చదువుట, ఇదియే నా విద్య. కవిత్రయమువారి భారతమును, కొన్ని ధర్మశాస్త్ర గ్రంథములను ఈ యలమారల చలువ వలననే చూడగలిగితిని. కార్యదర్శిగారి మాట నేను దాటబోను. భారతమునందలి స్త్రీల సంగతియే చెప్పుదును. కాని భారతయుద్ధము పదునెనిమిది దినములలో ముగిసినదని మనము చదువుకొనుచున్నాము గాని, స్త్రీల విషయమున అది నేటికిని ముగియలేదు. యుద్ధమనుడు, అంతఃకలహమనుడు, తిరుగుబాటనుడు, తిరుగుబాటు నణచుట యనుడు. పేరు ఏదైనను, ఆయుధము పట్టినవాడు ఆయుధము లేని ఆడుదానిపై జరుపు అత్యాచారమును గూర్చి నేడు మాటలాడ దలచితిని. పిల్లలున్న సభలో ఇట్టి ప్రస్తావన తగునా యని కొందరు సంశయింపవచ్చును. ఈ ఘోరములకు గురియైనవారిలో వారి యీడు పిల్లలును కలరు. వారికి తగని కష్టము వచ్చుచుండగా వారి చెవికి తగని మాట యేది?

మన పఠనమందిరములో వార్తాపత్రికలు పరచు బల్ల యొద్ద ఒకనాడు ఒక యువకుడు, "ఎక్కడి సూడాను, ఎక్కడి మూలపేట, మనకేల ఈ గోల?" యని పుట త్రిప్పివేసెను. 2023 ఏప్రిల్ 15న ఆ దేశమున రెండు సైన్యముల నడుమ యుద్ధము మొదలైన నాటినుండి అచటి స్త్రీలపై జరుగు దారుణములే ఆ పుటలోని వార్త. ఆ యువకుని నేను తప్పుపట్టను. దూరపు మంట వేడి తెలియదు. కాని మన సముద్రపుటొడ్డువారికి దూరమనునది ఎన్నడును పెద్ద అడ్డు కాలేదు. మన తాతల కాలమువారు పడవలెక్కి రంగూను పోయి రేవులో మూటలు మోసిరి. 1930 మే నెలలో ఆ రేవున కూలిపనికై పుట్టిన తగవు తెలుగు కూలీలపై మారణకాండగా పరిణమించెను. 1942లో జపానువారి దాడికి వెఱచి లక్షలాది భారతీయులు బర్మా విడిచివచ్చిరి. అనేకులు బిడ్డలను చంకబెట్టుకొని అడవులబడి నడచివచ్చిరి. నేడు ఉత్తరాంధ్రమున "బర్మా కాందిశీకులు" అను మాట తెలియని పట్టణము లేదు. ఆ బర్మాయందే 2017 ఆగస్టు నుండి రోహింగ్యా జనులు 7 లక్షలకు పైబడి బంగ్లాదేశమునకు పారిపోయిరి. అక్కడి సైన్యము వారి స్త్రీలపై జరిపిన సామూహిక బలాత్కారములు దారితప్పిన సిపాయిల చేష్టలు కావనియు, ఆ జాతిని వెడలగొట్టుటకై పన్నిన పన్నుగడలో భాగమనియు ఐక్యరాజ్యసమితి నియమించిన విచారణ సంఘము నివేదించినది. మన తాతలు నడచిన నేల అది. ఇక దూరమెక్కడిది?

నేను లెక్కలవాడను గనుక లెక్కతోనే ఆరంభించెదను.

మనది కళింగభూమి. అశోకుడు పట్టాభిషిక్తుడైన ఎనిమిదేండ్లకు ఈ దేశముపై దండెత్తెను. ఆ యుద్ధమున లక్ష మంది హతులైరనియు, లక్షా యేబదివేల మంది చెరగొనిపోబడిరనియు, అంతకు ఎన్నో మడుగులు ఇతరముగా నశించిరనియు తన పదుమూడవ శిలాశాసనమున ఆతడే వ్రాయించెను. కర్నూలు ప్రాంతపు ఎఱ్ఱగుడి బండపై ఆ శాసనము కలదు. విచిత్రమేమన, కళింగములోనే యున్న ధౌలి, జౌగడ శిలలపై మాత్రము దానిని చెక్కింపలేదు; దానికి బదులు వేరు శాసనములు వేయించెను. దెబ్బ తిన్నవారి కన్నుల యెదుట ఆ లెక్క నిలుపుటకు మనసొప్పలేదు కాబోలు. అది యటుండనిండు. రాజు పశ్చాత్తాపపడి వ్రాయించిన ఆ లెక్కలోనైనను స్త్రీలకేమైనదో వేరుగా చెప్పలేదు. చెరగొనిపోబడిన లక్షా యేబదివేలలో ఆడవారెందరు? వారే యిండ్లకు పోయిరి? ఎవని సొత్తైరి? ఆ గడి ఖాళీ.

మా అడంగలునందును అంతియే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినపుడు ఉద్దానమంతయు నేలమట్టమయ్యెను. కూలిన కొబ్బరిచెట్టు, విరిగిన జీడిమామిడి, ఎగిరిన రేకు, చచ్చిన మేక, మునిగిన వల, అన్నిటిని లెక్క వ్రాసినారము. ప్రతిదానికి ఒక గడి కలదు, గడికి ఎదుట నష్టపరిహారము కలదు. వ్రాయబడినదే జరిగినట్లు, వ్రాయబడనిది జరుగనట్లు లోకము నడచుచున్నది. కరణీకము 1984లో పోయినను ఈ ధర్మము పోలేదు. కాగా, యుద్ధమున స్త్రీకి జరుగు నష్టమునకు లోకములో చాలకాలము గడియే లేదు. నేను చెప్పదలచిన దంతయు ఈ ఖాళీ గడిని గూర్చియే.

ఇపుడు భారతము. సభాపర్వమున ద్రౌపదిని ఈడ్చి తెచ్చిన ఘట్టము అందరెరిగినదే. మనము వస్త్రాపహరణమును నాటకములలో చూచి కన్నీరు పెట్టుకొందుము. కాని ఆమె ఏడ్చుటకంటె ముందు ఒక ప్రశ్న వేసినది. తన్ను తాను ఓడినవానికి నన్నొడ్డు అధికారమెక్కడిది యని. అది వ్యవహారపు ప్రశ్న, లెక్కకు నిలుచు ప్రశ్న. భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. వికర్ణుడొక్కడు నోరు విప్పగా కర్ణుడు ఆతని నదలించెను. విరాటుని కొలువులో మరల అదే జరిగెను. కీచకుడు తన్నగా ఆమె రాజును నిలదీసెను, రాజు సేనాపతికి జంకి మిన్నకుండెను. రెండు సభలలోను దుర్మార్గుడొక్కడో ఇద్దరో. మౌనము వహించినవారు సభకు సభ. పాపము ఎక్కువ పాళ్లు ఎవరిదో నిర్ణయించుట కష్టము కాదు.

అంతకంటె నన్ను కలచినది మౌసలపర్వము. మన హరికథలలో దానిని చెప్పరు, శుభము కాదందురు. యాదవులు తమలో తాము కొట్టుకొని చచ్చిన పిదప, ద్వారకలో మిగిలిన స్త్రీలను అర్జునుడు వెంటబెట్టుకొని పోవుచుండగా దారిలో దోపిడికాండ్రు కఱ్ఱలతో వచ్చి పడిరి. గాండీవము లొంగలేదు, అస్త్రములు తోపలేదు, అక్షయతూణీరములు అయిపోయినవి. ఖాండవమును దహించినవాడు, నివాతకవచుల జంపినవాడు చూచుచుండగనే ఆడవారిని ఎత్తుకొనిపోయిరి. పిమ్మట అర్జునుడు వ్యాసుని కడకు పోయి తన దుఃఖము చెప్పుకొనెను. వ్యాసుడు కాలమహిమ యని ఓదార్చెను. అపహృతలైన స్త్రీలను వెదకి తెచ్చు ప్రయత్నము ఎవరును చేసినట్లు నాకు కానరాదు. వీరుని దుఃఖమునకు ఒక అధ్యాయము దొరకినది, వారికి ఒక గడి దొరకలేదు. వ్యాసుని తప్పెన్నుటకు నేనెవ్వడను? కాని ఆయన ఆ సంఘటనను దాచక వ్రాసినందులకు చేతులు జోడించుచున్నాను. వీరుని బాహుబలము స్త్రీలకు నిలుకడైన రక్ష కాదని ఆ పర్వము చెప్పినంత నిర్మొగమాటముగా మరియే గ్రంథము చెప్పలేదు.

యుద్ధమున ఇది యేల జరుగుచున్నది? ఇంటికి దూరమైన సిపాయి కామోద్రేకమని వెనుకటివారనిరి. ఆ మాట నమ్మదగినది కాదు. పిల్లలను, ముదుసళ్లను కూడ విడువకపోవుట, తండ్రి యెదుట, భర్త యెదుట, ఊరి నడుమ చేయుట కామము కాదు. ఊరిని ఖాళీ చేయించుటకు ఇంటికి నిప్పు పెట్టుటవంటిదే ఇదియు. కాలిన యిల్లు మరల కట్టుకొందురు. ఇట్టి ఊరికి తిరిగి వచ్చుటకు ఎవరికిని మనసొప్పదు. కాంగో దేశపు తూర్పు భాగమున బుకావు పట్టణములో 1999 నుండి ఇట్టి గాయములకు చికిత్స చేయుచున్న వైద్యుడు దెనీ ముక్వేగే ఈ సంగతినే లోకమునకు చాటెను. ఇరాకునందు 2014లో యజీదీ జాతి కన్యలతోపాటు చెరబడి, సంతలో పశువువలె అమ్ముడుపోయి తప్పించుకొని వచ్చిన నాదియా మురాదుతో కలిపి ఆయనకు 2018 నోబెలు శాంతి బహుమాన మిచ్చిరి. బలాత్కారము యుద్ధతంత్రముగా వాడబడుచున్నదని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2008 జూన్ 19న తీర్మానించెను. వేలయేండ్ల పాపమును గుర్తించుటకు అన్నాళ్లు పట్టినది.

ఆ గడి మొదట ఎట్లు తెరువబడెనో చెప్పెదను. ఇది తెలిసికొనదగిన కథ. 1994లో ఏప్రిల్ నుండి జూలై వరకు ర్వాండా దేశమున సుమారు 8 లక్షల మందిని ఇరుగుపొరుగువారే నరికి చంపిరి. తాబా అను ప్రాంతమునకు పాలనాధికారిగా నుండిన జాన్ పాల్ అకాయెసు అనువానిని అరూషా పట్టణమున అంతర్జాతీయ న్యాయస్థానము విచారించెను. పోల్చి చెప్పవలెనన్న వాడు మన మండలాధికారి వంటివాడు. జననమరణముల పుస్తకములు, ఊరి కాగితములు వాని చేతిలోనివి. మొదటి అభియోగపత్రమున హత్యలు కలవు గాని బలాత్కారము మాట లేదు. విచారణ సాగుచుండగా సాక్ష్యమిచ్చుటకు వచ్చిన ఒక తల్లి తన ఆరేండ్ల కూతురికి జరిగినది చెప్పెను. ఆమెను అడిగినది వేరొకటి. ధర్మాసనముపై నున్న ఒకే యొక స్త్రీ న్యాయమూర్తి నవనీతం పిళ్లై, దక్షిణాఫ్రికాలో డర్బనునందు తమిళ కుటుంబమున పుట్టిన యామె, ఆ మాటను జారనీయక పట్టుకొని ప్రశ్నించెను. మరికొందరు స్త్రీలు ముందుకు వచ్చిరి. 1997లో అభియోగపత్రమును సవరించిరి. 1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చెను. జాతిసంహారమునకు బలాత్కారమును సాధనముగా వాడుట జాతిసంహారమేయని ఒక అంతర్జాతీయ న్యాయస్థానము నిర్ణయించుట అదియే ప్రథమము. తాను చేయకున్నను, చేయించినందుకు, తన కార్యాలయపు ఆవరణలో జరుగుచుండగా ప్రోత్సహించినందుకు అకాయెసు దోషియయ్యెను. గ్రామాధికారము నెరపు మావంటివారు ఈ తీర్పును తలదిండు క్రింద పెట్టుకొని పడుకొనవలెను.

ఇంతవరకు పరదేశముల మాట చెప్పితిని. మన తెలుగునేల మాట చెప్పకున్న అది కపటమగును.

నిజాము సంస్థానమున 1946లో ధాన్యపు లెవీ వసూలునకు పోయిన పోలీసులు జనగామ తాలూకా ఆకునూరులోను, మాచిరెడ్డిపల్లెలోను స్త్రీలపై అత్యాచారములు జరిపిరి. సరోజినీదేవిగారి కుమార్తె పద్మజా నాయుడు స్వయముగా ఆ పల్లెలకు పోయి విచారించి లోకమునకు వెల్లడించెను. తరువాత రజాకార్ల కాలము. తెలంగాణపు పల్లెలలో ఆ పేరు చెప్పి నేటికిని కథలు చెప్పుదురు. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. అంతటితో కథ ముగిసినదని మనము పండుగ చేసికొనుచున్నాము. కాని ఆ వెంటనే సంస్థానమున, అందును ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో మిక్కుటముగా, ముస్లిం కుటుంబములపై ప్రతీకారము జరిగినది. హత్యలతోపాటు స్త్రీల అపహరణములు, బలాత్కారములు జరిగినవని భారత ప్రభుత్వము పంపిన పండిత సుందరలాలు సంఘమే నివేదిక వ్రాసినది. ఆ నివేదిక కొన్ని దశాబ్దముల వరకు జనులకు అందలేదు. చూడుడు, పగవాని స్త్రీకి జరిగినది మన లెక్కలో వ్రాసికొనము. మన స్త్రీకి జరిగినది పగవాని లెక్కలో ఉండదు. ఇరువైపులను ఖాళీ గడియే.

మనకింకను సమీపమునకు వచ్చెదను. వాకపల్లి యను గూడెము జి.మాడుగుల మండలమున కలదు. అప్పుడు విశాఖపట్టణము జిల్లా, 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లా. కోందు గిరిజనుల నివాసము. 2007 ఆగస్టు 20 ఉదయమున నక్సలైట్లను గాలించుటకై పోయిన గ్రేహౌండ్సు దళములోని పోలీసులు తమపై సామూహిక బలాత్కారము జరిపిరని ఆ గూడెపు స్త్రీలు 11 మంది ఫిర్యాదు చేసిరి. దళమున 21 మంది. ఆ స్త్రీలకు చదువు లేదు, మైదానపు తెలుగు సరిగా రాదు. వారు విడువలేదు. విచారణాధికారులు ఆరోపణ అబద్ధమనిరి. స్త్రీలు న్యాయస్థానమున ప్రత్యేకముగా అర్జీ పెట్టుకొనిరి. 2012లో హైకోర్టు 13 మందిపై విచారణ జరుపవచ్చుననెను. వ్యవహారము సుప్రీంకోర్టునకు పోయెను. 2017లో ఆ న్యాయస్థానము విచారణను త్వరగా ముగింపుమని ఆదేశించెను. విశాఖపట్టణమున ప్రత్యేక న్యాయస్థానము 2023 ఏప్రిల్ 6న తీర్పు చెప్పెను. నేరము రుజువు కాలేదని 13 మందిని విడిచిపెట్టెను. దర్యాప్తు సక్రమముగా జరుగలేదని, దర్యాప్తు అధికారులు తమ విధి నెరవేర్పలేదని అదే తీర్పున చెప్పి, ఆ స్త్రీలకు నష్టపరిహారము ఇప్పింపవలెనని జిల్లా న్యాయసేవా సంస్థకు సూచించెను.

ఆరోపణకును తీర్పునకును నడుమ 15 సంవత్సరముల 7 నెలలు. నిర్దోషులని తీర్పు పొందినవారిని దోషులని పలుకుట నా అధికారము కాదు, ఆ పని చేయను. కాని లెక్కలవానిగా ఒక మాట చెప్పు హక్కు నాకు కలదు. మొదటినాడు వ్రాయవలసిన పంచనామా మొదటినాడు వ్రాయక, తీయవలసిన సాక్ష్యము సకాలమున తీయకున్నచో, స్త్రీల సత్యము తేలదు. పోలీసుల నిర్దోషిత్వమును సందేహము లేకుండ తేలదు. చిత్తు సరిగా లేనిచో పక్కా ఎట్లు కుదురును? ఆ స్త్రీలు పదునైదేండ్లపాటు కొండదిగి వచ్చి చెప్పిన దొక్కటే మాట. మన సభాపర్వపు ప్రశ్నవలె అది ఇప్పటికిని సమాధానము లేక నిలిచియున్నది.

ఆలస్యము ఒక్క వాకపల్లి విషయమున జరిగినది కాదు. మణిపురమున 2023 మే 4న ఇద్దరు స్త్రీలను వివస్త్రలను జేసి గుంపు ఊరేగించెను. ఫిర్యాదు మే 18ననే నమోదైనది. ఆ దృశ్యము జూలై 19న ఫోనులలో పాకి దేశమంతయు చూచిన పిమ్మటనే మొదటి నిర్బంధము జరిగినది. అంతవరకు కాగితము ఒక స్టేషను నుండి ఇంకొక స్టేషనునకు నడచుచుండెను. చూపులకే గాని వ్రాతకు విలువ లేని కాలము వచ్చినదేమో యని నావంటివానికి భయము కలుగుచున్నది.

మన చట్టమున లోపములేదని కాదు గాని, చాలవరకు గడులు ఇప్పుడు కలవు. 2013లో జస్టిస్ వర్మ సంఘపు నివేదిక వచ్చిన పిమ్మట చట్టమును సవరించి, ప్రభుత్వము ఒక ప్రాంతమున నిలిపిన సాయుధబలములవారు అచట చేసిన బలాత్కారమును ప్రత్యేకముగ పేర్కొని, పదేండ్లకు తక్కువ కాని కఠినశిక్ష విధించిరి. మతకలహములలో జరిగినదియు అట్లే. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఇవి 64వ సెక్షనున ఉన్నవి. ఇట్టి నేరమున ప్రభుత్వోద్యోగిని విచారించుటకు పైవారి అనుమతి అక్కరలేదు. ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు తీసికొనవలసినదే. తీసికొనని పోలీసు అధికారికి కారాగారశిక్ష కలదు. ఆసుపత్రి ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను ఉచితముగ చికిత్స చేయవలసినదే. ఈ సంగతులు ఇంటింటికిని తెలియవలెను. చట్టము తెలియనివానికి చట్టము లేనట్లే.

ఐనను, ఎన్ని గడులున్నను వ్రాయించుకొనుటకు స్త్రీ రాకున్న ఏమి ప్రయోజనము? ఆమెను రానీయనిది తుపాకి కాదు, మనమే. మన భాషనే చూడుడు. దీనిని మనము "మానభంగము" అనుచున్నాము. ఎవరి మానము భంగమైనది? దొంగ యింటబడినచో ఇంటివానికి దొంగతనము అంటదు. ఇక్కడ మాత్రము నేరము చేసినవాడు మీసము దువ్వును, నేరమునకు గురియైన పిల్ల ముసుగు కప్పుకొనును. అందుచేతనే నేనీ ప్రసంగమున ఆ మాట వాడలేదు, "బలాత్కారము" అనుచున్నాను. బలముచే చేయబడినది యని దాని అర్థము. ఆ మాటలో చేసినవాడు కనబడుచున్నాడు. ముల్లు వచ్చి అరిటాకుపై పడినను, అరిటాకు పోయి ముల్లుపై పడినను నష్టము అరిటాకునకే యని పెద్దలు సామెత చెప్పి ఆడపిల్లలను అణచి కూర్చుండబెట్టుదురు. ఆ సామెతను కట్టినవాడు తప్పక ముల్లు జాతివాడై యుండవలెను. ముల్లు నేల ఏరి పారవేయకూడదు?

ధర్మశాస్త్రము పేరు చెప్పి ఇట్టి స్త్రీలను గడప దాటనీయనివారు శాస్త్రము చదువలేదు. వసిష్ఠ ధర్మసూత్రముల ఇరువది యెనిమిదవ అధ్యాయమున, బలాత్కారమునకు గురియైన స్త్రీని గాని, దొంగల చేత జిక్కిన స్త్రీని గాని విడనాడరాదని స్పష్టముగ కలదు. దేవలస్మృతి చెరబడిన స్త్రీలను మరల చేర్చుకొను పద్ధతిని చెప్పుచున్నది. ఆ ప్రాయశ్చిత్తములు ఆమెకేల, చేసినవానికి గాని యని నేటి మనము అడుగవచ్చును, అడుగవలెను కూడ. కాని వేయేండ్లకు మునుపటి స్మృతికారునకున్న దయ మనకు లేకపోవుట సిగ్గుచేటు.

దేశవిభజన కాలమున భారతదేశములో 50,000 మంది ముస్లిం స్త్రీలు, పాకిస్తానులో 33,000 మంది హిందూ, సిక్కు స్త్రీలు అపహరింపబడిరని ప్రభుత్వపు అంచనా. వారిని వెదకి తెచ్చుటకు చట్టము చేసిరి. తెచ్చినవారిని ఇంటికి చేర్చుకొనుడని గాంధీమహాత్ముడును, నెహ్రూ పండితుడును బ్రతిమాలవలసి వచ్చెను. స్వంత కూతును ఇంటికి రానిచ్చుటకు మహాత్ముని బ్రతిమాలింపా! 1971 యుద్ధానంతరము బంగ్లాదేశ ప్రభుత్వము అట్టి స్త్రీలకు "బీరాంగన" యని బిరుదిచ్చెను. మంచి తలంపే. కాని ఊళ్లలో ఆ బిరుదమే గుర్తుపట్టుటకు ముద్రయైనది. అనేకులు దానిని దాచుకొని బ్రతికిరి. వారిని ముక్తియోధులుగ గుర్తించి పింఛను ఇచ్చుట 2015 నాటికి గాని ఆరంభము కాలేదు. కొరియా దేశపు కిమ్ హక్ సున్ జపాను సైన్యపు చెరలో తాను పడిన బాధను 1991 ఆగస్టు 14న లోకమునకు చెప్పెను. అప్పటికామె అరువదియేండ్లు దాటినది. చెరబడిననాడు ఆమె బాలిక. అర్ధశతాబ్దము ఆమె నోటిని మూసినది శత్రువు కాదు. శత్రువు 1945లోనే ఓడిపోయెను.

బాలికల మాట ఒకటి చెప్పి మన ఊరికి వచ్చెదను. నైజీరియా దేశమున చిబోకు అను ఊరి పాఠశాల నుండి 2014 ఏప్రిల్ 14 రాత్రి 276 మంది బాలికలను ముష్కరులు ఎత్తుకొనిపోయిరి. పరీక్షలు వ్రాయుటకు వచ్చిన పిల్లలు వారు. పదేండ్లు గడచినను తిరిగిరానివారు పదులకొలది కలరు. మన గ్రంథాలయమున సాయంకాలము పోటీపరీక్షల పుస్తకముల బల్ల చుట్టును కూర్చుండు ఆడపిల్లలను చూచినపుడెల్ల నాకా సంఖ్య జ్ఞప్తికి వచ్చును. ఎందుచేతనన, పరిస్థితి చెడినదన్న మాట పుట్టగానే మన యిండ్లలో మొదట మూతబడునది ఆడపిల్ల పుస్తకమే. రక్షణ పేరిట జరుగు ఈ నష్టమునకు ముష్కరుడు కూడ అక్కరలేదు.

ఇక ఉద్దానము. 1968 నుండి 1970 వరకు ఈ కొండలలోను, ఈ తోటలలోను జరిగిన పోరాటమును, దాని నణచిన తీరును మీలో పెద్దవారు కన్నులార చూచిరి. భూస్వాములు హతులైరి, యువకులు హతులైరి. 1969 డిసెంబరున రంగమటియా కొండలలో పంచాది నిర్మల, సుబ్బారావు పాణిగ్రాహి మరణించిరి. 1970 జూలైలో వెంపటాపు సత్యము, ఆదిభట్ల కైలాసము మరణించిరి. బొడ్డపాడున స్తూపము కలదు. ఆ పోరాటపు మంచిచెడ్డలను నేడిక్కడ తూచబోను. ఈ సభలో ఇరువైపులవారి బిడ్డలును కూర్చుండియున్నారు, కలిసి కూర్చుండుటయే నాకు సంతోషము. చనిపోయినవారి పేర్లు ఎవరో ఒకరు వ్రాసికొనిరి. కాని నడిరేయి తలుపు తట్టినపుడు ఇంటనున్న స్త్రీ ఏమి చూచెను, మగడు కొండకు పోయిన యింట, మగడు హతుడైన భూస్వామి యింట ఆమె ఎట్లు దినములు గడపెను, ఎవరికి జంకెను, ఎవరు ఆమెను ఆదుకొనిరి? తెలంగాణపు స్త్రీలు తమ పోరాటకాలపు అనుభవములను చెప్పగా స్త్రీశక్తి సంఘటనవారు 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అను పేరిట ప్రకటించిరి. ఆ గ్రంథము మన అలమారలో కలదు. ఉద్దానపు స్త్రీలు చెప్పిన అట్టి గ్రంథము మన అలమారలో లేదు. ఆనాడు క్రొత్తగా కాపురమునకు వచ్చిన వధువులు నేడు డెబ్బదియేండ్లు దాటినవారు. గత వర్షాకాలము నుండి మన చుట్టుపట్ల పల్లెలలో అట్టివారు నలుగురు గతించిరి. వారితో పోయినది మరల దొరకదు.

కావున కార్యవర్గమువారికి నాదొక మనవి. ఈ ఇరువదియైదేండ్ల పండుగకు శిలాఫలకము వేయించుటకై ప్రోగుచేసిన సొమ్ములో కొంత తీసి, ఆ ముదుసళ్ల మాటలను వారి నోటినుండి వినినవి వినినట్లు, మన ఉద్దానపు యాసలోనే వ్రాయింపుడు. వారు చెప్పగోరినదే వ్రాయవలెను, త్రవ్వి తీయరాదు. పేరు వ్రాయవలదన్న వ్రాయరాదు. పది సంవత్సరములు తెరువవలదన్న ముద్రవేసి ఉంచవలెను. వినువారు, వ్రాయువారు స్త్రీలే కావలెను; ఉన్నత పాఠశాలలో పనిచేయు ఇద్దరు ఉపాధ్యాయినులు ఇందులకు ఒప్పుకొనియున్నారు. నావంటివారు కాగితము, సిరా సమకూర్చి, రానుపోను బండి కుదిర్చి, గడప వెలుపల కూర్చుండవలెను. అట్లే భారతీయ న్యాయ సంహితలో స్త్రీరక్షణకు సంబంధించిన భాగములను తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించి వార్తాపత్రికల బల్ల యెదుట గోడకు తగిలింపుడు. సాయంకాలపు వేళను ఆడపిల్లలకు ఒక గంట పొడిగించి, చీకటిపడిన పిదప వారు ఇల్లు చేరువరకు వీధిదీపములు వెలుగునట్లు పంచాయతీవారితో మాటలాడుడు. ఆ అర్జీ నేనే వ్రాసి తెచ్చితిని, సంతకములు కావలెను.

వచ్చు ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలకు మొదటి కూటము. గ్రంథాలయపు తూర్పుగది ఖాళీ చేయించినారము. మాతామహిని గాని, పితామహిని గాని వెంటబెట్టుకొని వచ్చువారు ముందురోజు గ్రంథపాలకునకు తెలిపినచో బండి పంపబడును.